మిగిలిన మాత్రలు



మా ఇంట్లో గోడ బీరువా పై అరలో ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో ఏనాడూ బిస్కెట్లు లేవు. మిగిలిపోయిన మాత్రలు ఉండేవి. జ్వరానికి తెచ్చి తగ్గగానే ఆపేసినవి, దగ్గుకు తెచ్చినవి, పిల్లల విరేచనాలకు తెచ్చినవి. "పారేయడం ఎందుకండీ, ఎవరికో ఒకరికి పనికివస్తాయి" అని మా శ్రీమతి దాచేది. మేమూ ఆ మాటే అనేవాళ్లం. గృహదర్శనానికి వెళ్లినచోట ఎవరైనా బాధపడుతుంటే, మరుసటి రోజు ఆ డబ్బా తెరిచి నాలుగు మాత్రలు పొట్లం కట్టి పంపిన సందర్భాలు ఎన్నో. అది ఉపకారమనే అనుకున్నాం. ఆ డబ్బా వల్ల ఒక సోదరుని ప్రాణం మీదికి ఎలా వచ్చిందో, దాని వెనుక ఉన్న శాస్త్ర విషయం ఏమిటో మీతో చెప్పాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాం.

కొన్నేళ్ల కిందట మాకు కడుపులో మంట మొదలైంది. అర్ధరాత్రి దాటాక పొట్ట పైభాగంలో నిప్పు పెట్టినట్టుండేది. లేచి రెండు ఇడ్లీలు తింటే కాస్త చల్లబడేది. "గ్యాస్" అనుకుని ఆరు నెలలు గడిపాం. చివరకు జీర్ణకోశ వైద్యుని దగ్గరకు వెళితే, గొట్టం వేసి చూసి, చిన్నపేగు మొదట్లో పుండు ఉందన్నారు. దానికి కారణం ఒక సూక్ష్మక్రిమి అని చెప్పి, 14 రోజులకు నాలుగు రకాల మందులు వ్రాశారు. ఆమ్లాన్ని తగ్గించే మాత్ర ఒకటి, బిస్మత్ అనే మందు ఒకటి, అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్ అనే రెండు యాంటిబయాటిక్‌లు.

ఆరో రోజుకు మంట పోయింది. కాని నోరంతా ఇనుప ముక్క చప్పరించినట్టు చేదు. నాలుక నల్లబడింది. ఎనిమిదో రోజున అన్నీ ఆపేశాం. "నొప్పే లేనప్పుడు మందెందుకు?" అన్నది మా తర్కం.

అదే వారంలో మా సంఘంలోని ఒక సోదరుడు, ఆటో నడుపుకునే మనిషి, పొట్ట పట్టుకుని వచ్చాడు. "అయ్యగారూ, ఖాళీ కడుపున ఒకటే మంటండీ" అన్నాడు. అచ్చం మా బాధే. మిగిలిన మాత్రల్లో రెండు రకాలు తీసి ఇచ్చాం. ఆమ్లం తగ్గించేది ఒకటి, క్లారిత్రోమైసిన్ ఒకటి. నాలుగు రకాలూ మింగడం కష్టమని మేమే తగ్గించాం. ఆరు రోజులు వాడాడు. నొప్పి పోయిందని సంతోషించాడు. మేమూ సంతోషించాం.

ఎనిమిది నెలల తరువాత ఒక ఉదయం ఆయన భార్య ఏడుస్తూ ఫోను చేసింది. రెండు రోజులుగా తారులా నల్లటి విరేచనం, ఆ ఉదయం కళ్లు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రికి మేమూ పరుగెత్తాం. పుండులోనుంచి రక్తం కారుతోంది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఇదివరకు ఏం మందులు వాడారని డాక్టరుగారు అడిగితే, ఆ అమ్మాయి అమాయకంగా, "అయ్యగారు ఇచ్చిన మాత్రలు వేసుకుంటే తగ్గిందండీ" అంది. డాక్టరుగారు మా వైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ మరువలేదు.

ఆయన కడుపులోనుంచి తీసిన ముక్కను పరీక్షకు పంపితే, ఆ క్రిమి మీద క్లారిత్రోమైసిన్ ఇక పనిచేయదని తేలింది. "పాస్టరుగారూ, ఇది మీరిచ్చిన మాత్రల వల్లే వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కాని ఇలాంటి క్రిములను పెంచే పద్ధతి ఏదంటే మాత్రం సరిగ్గా అదే" అన్నారు డాక్టరుగారు. ఆ రోజు ఆయన చెప్పినవి, ఆ తరువాత మేము చదివి తెలుసుకున్నవి కలిపి కింద వ్రాస్తున్నాం.

కడుపులో కాపురం చేసే క్రిమి

నలభై ఏళ్ల కిందటి వరకు కడుపులో పుండు అంటే కారం, మసాలాలు, దిగులు, కోపం వీటివల్ల వచ్చేదని వైద్యులు కూడా నమ్మేవారు. మన కడుపులో ఊరే ఆమ్లం చాలా ఘాటైనది. అందులో ఏ ప్రాణీ బ్రతకలేదని పుస్తకాల్లో ఉండేది.

1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో, రాయల్ పెర్త్ ఆసుపత్రిలో రాబిన్ వారెన్ అనే వైద్యుడు కడుపు పొర ముక్కలను సూక్ష్మదర్శినిలో చూస్తూ, మెలికలు తిరిగిన చిన్న క్రిములను గమనించాడు. 1981లో బారీ మార్షల్ అనే యువ వైద్యుడు ఆయనతో చేరాడు. క్రిమిని బయట పెంచి చూపిస్తేగాని ఎవరూ నమ్మరు. ముప్పైకి పైగా నమూనాలు పెట్టినా ఒక్కటీ మొలకెత్తలేదు. ఆ ప్రయోగశాలలో అలవాటు ప్రకారం రెండు రోజులు చూసి, ఏమీ కనిపించకపోతే పారేసేవారు. 1982లో ఈస్టరు సెలవులు వచ్చాయి. పనివాళ్లు లేక పళ్లేలు ఐదు రోజులు అలాగే ఉండిపోయాయి. సెలవుల తరువాత తెరిచి చూస్తే క్రిములు పెరిగి ఉన్నాయి. అవి నెమ్మదిగా పెరిగే జాతి. అంతవరకు వాటికి తగినంత సమయం ఇవ్వలేదు, అంతే.

అయినా పెద్ద వైద్యులు ఒప్పుకోలేదు. 1984లో, ముప్పై రెండేళ్ల మార్షల్ ఒక రోగి కడుపులోనుంచి తీసి పెంచిన క్రిములను తానే త్రాగేశాడు. కొద్దిరోజులకు వాంతులు మొదలయ్యాయి, నోటి దుర్వాసన వచ్చింది. గొట్టం వేసి చూస్తే కడుపు పొర వాచి ఉంది, అందులో ఆ క్రిములే ఉన్నాయి. తరువాత మందు వేసుకుని బాగుపడ్డాడు. మన పాఠకులెవరూ ఇలాంటి సాహసం చేయనవసరం లేదు గాని, ఆయన మాట మాత్రం నిలిచింది. 1989లో ఆ క్రిమికి హెలికోబాక్టర్ పైలోరీ అని పేరు స్థిరపడింది. 2005లో వారెన్‌కు, మార్షల్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఆమ్లంలో అది ఎలా బ్రతుకుతుంది? కడుపులో ఉండే యూరియాను విడగొట్టి, తన చుట్టూ అమ్మోనియా తయారు చేసుకుంటుంది. అమ్మోనియా ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఆ నీడలో మెల్లగా జారుకుని జిగురు పొర కింద స్థిరపడుతుంది. సాధారణంగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటుంది. మందు వాడకపోతే జీవితాంతం ఉంటుంది. చాలామందికి ఏ బాధా ఉండదు. కొందరికి పుండ్లు పడతాయి. ఇంకా కొద్దిమందిలో కడుపు కాన్సరుకు దారి తీస్తుంది. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన విభాగం దీన్ని మనుషుల్లో కాన్సరు కలిగించే కారణాల జాబితాలో చేర్చింది. కాబట్టి ఇది కేవలం "గ్యాస్" సంగతి కాదు.

తట్టుకునే గుణం ఎక్కడినుంచి వస్తుంది?

మాకు ఉన్న పెద్ద అపోహ ఇక్కడే. మందును మింగగా మింగగా మన ఒళ్లు ఆ మందుకు అలవాటు పడిపోతుందని అనుకునేవాళ్లం. అది తప్పు. మారేది మన ఒళ్లు కాదు, క్రిముల గుంపు.

తాళపత్ర గ్రంథాలకు ప్రతులు వ్రాసిన లేఖకులను తలచుకోండి. ఎంత జాగ్రత్తపరుడైనా ఎక్కడో ఒక దీర్ఘం జారిపోతుంది, ఒక వత్తు తప్పిపోతుంది. ఆ ప్రతిని చూసి వ్రాసేవాడు ఆ తప్పును కూడా వ్రాస్తాడు. సూక్ష్మక్రిమి రెండుగా చీలినప్పుడల్లా తన శరీర నిర్మాణ గ్రంథాన్ని ఇలాగే నకలు చేసుకుంటుంది. 1997లో ఈ క్రిమి గ్రంథాన్ని మొదటిసారి మొత్తం చదివారు. అందులో సుమారు 16 లక్షల 70 వేల అక్షరాలున్నాయి. నకలు చేసేటప్పుడు ఒక అక్షరం మారడాన్ని సైన్సు పుస్తకాల్లో ఉత్పరివర్తనం అంటారు. అలాంటి మార్పుల్లో చాలావాటివల్ల ఒరిగేదేమీ లేదు. కొన్నిటివల్ల క్రిమికే నష్టం. ఎప్పుడో ఒకటి మాత్రం, అనుకోకుండా, ఏదో ఒక మందును తట్టుకునే గుణం ఇస్తుంది.

ముఖ్యమైన సంగతి గమనించండి. ఆ మార్పు మందు తగిలిన తరువాత పుట్టేది కాదు. మందు రాకముందే గుంపులో ఎక్కడో ఉంటుంది. దీన్ని 1952లో అమెరికాలో జాషువా లెడర్‌బర్గ్, ఎస్తేర్ లెడర్‌బర్గ్ దంపతులు చక్కని ప్రయోగంతో చూపించారు. క్రిములు పెరిగిన పళ్లెం మీద ఒక మఖమల్ గుడ్డను అద్ది, దాన్ని మందు కలిపిన పళ్లేల మీద అద్దారు. మనం ముద్ర వేసినట్టు, ప్రతి క్రిమీ తన చోటులోనే దిగింది. మందు ఉన్న పళ్లేల్లో అన్నీ చచ్చి, కొన్ని చోట్ల మాత్రం మొలిచాయి. అప్పుడు మొదటి పళ్లెంలో సరిగ్గా అదే చోట ఉన్న క్రిములను తీసి చూశారు. అవి మందు మొహం ఏనాడూ చూడనివి. అయినా మందును తట్టుకున్నాయి.

అంటే మందు ఆ గుణాన్ని పుట్టించలేదు, ఏరి మిగిల్చింది. చేనులో పంటనంతా కోసేసి కలుపును వదిలేస్తే వచ్చే ఏడు ఏం పండుతుంది? మేము ఆ సోదరుని కడుపులో చేసిన వ్యవసాయం అదే.

ఒక్క అక్షరం మారితే

ఇప్పుడు ఆ మార్పులు ఎలా ఉంటాయో చూద్దాం. కొంచెం శాస్త్రమే గాని, కష్టం కాదు.

క్లారిత్రోమైసిన్ క్రిమిలో మాంసకృత్తులు తయారయ్యే యంత్రానికి పోయి అంటుకుని, దాన్ని ఆపేస్తుంది. బొత్తాము కాజాలో పట్టినట్టు అది ఒక నిర్ణీత స్థలంలో పడుతుంది. ఆ స్థలంలో 2142 లేక 2143 సంఖ్య గల అక్షరం ఒక్కటి మారితే చాలు, కాజా ఆకారం మారిపోతుంది, బొత్తాము పట్టదు. పదహారు లక్షల పైచిలుకు అక్షరాల్లో ఒక్కటి! ఆ తరువాత మోతాదు ఎంత పెంచినా ప్రయోజనం ఉండదు. దగ్గుకు, గొంతునొప్పికి మనం తేలికగా కొనేసే అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా ఇదే కుటుంబం. కరోనా రోజుల్లో, 2020, 2021 సంవత్సరాల్లో, మన ఊళ్లలో అజిత్రోమైసిన్ ఎంతగా మింగారో అందరికీ గుర్తే. అలా వేరే జబ్బుకు వాడిన మాత్ర కూడా కడుపులోని ఈ క్రిమిని ఏరి పెడుతుంది.

మెట్రోనిడజోల్ సంగతి వేరు. బంక విరేచనాలకు వాడే ఈ మందు మన ఇళ్లన్నిటికీ తెలిసినదే. లోపలికి వెళ్లేటప్పుడు అది విషం కాదు. క్రిమిలోని ఒక ఎంజైము దాన్ని విషంగా మారుస్తుంది. శత్రువు తన పొయ్యి మీద తానే వండుకునే విషమన్నమాట. ఆ ఎంజైమును తయారు చేసే జన్యువులో తప్పు పడితే పొయ్యి ఆరిపోతుంది, విషం తయారు కాదు. అయితే ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. మోతాదు పెంచి, బిస్మత్‌తో కలిపి, 14 రోజులు ఇస్తే ఈ తట్టుకునే గుణాన్ని చాలాసార్లు దాటవచ్చు.

లీవోఫ్లోక్సాసిన్ అనే మరో మందు క్రిమి తన గ్రంథాన్ని నకలు చేసుకోకుండా అడ్డుపడుతుంది. జైరేస్ అనే ఎంజైములో ఒకటి రెండు స్థానాలు మారితే అదీ పనిచేయదు. టైఫాయిడుకు, మూత్రంలో మంటకు వాడే సిప్రోఫ్లోక్సాసిన్ దీని బంధువే.

మరి టెట్రాసైక్లిన్? ఈ క్రిమి దానిని గట్టిగా తట్టుకోవాలంటే సాధారణంగా పక్కపక్కన ఉన్న మూడు అక్షరాలూ మారాలి. ఒక అక్షరం జారడం తేలిక. మూడూ ఒకేచోట జారడం అరుదు. అందుకే ఇన్నేళ్ల తరువాత కూడా చాలాచోట్ల టెట్రాసైక్లిన్ ఈ క్రిమి మీద పనిచేస్తోంది. అమాక్సిసిలిన్‌కు కూడా చాలా దేశాల్లో నిరోధం తక్కువే.

ఇక్కడ మన తెలుగువారు గర్వించదగిన సంగతి ఒకటి చెప్పాలి. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్. 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి అది వెలువడింది. దాన్ని కనుగొన్నవాడు బెంజమిన్ డుగ్గర్. అక్కడి పరిశోధనలకు దర్శకత్వం వహించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడు ఆయన మరణించారు.

మందులు కలిపి ఎందుకు ఇస్తారు?

ఇది కొత్త పాఠం కాదు. క్షయ వ్యాధి నేర్పినదే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం పేరు విన్న పెద్దలకు ఆ వ్యాధి భయం తెలుసు. స్ట్రెప్టోమైసిన్ వచ్చిన కొత్తలో బ్రిటనులో రోగులకు అదొక్కటే ఇచ్చి చూశారు. 1948లో ఆ ఫలితాలు ప్రకటించారు. మొదటి నెలల్లో రోగులు లేచి కూర్చున్నారు. ఆ తరువాత చాలామందిలో క్రిములు మందును తట్టుకోవడం మొదలుపెట్టాయి, మెరుగు నిలవలేదు. 1950లో స్ట్రెప్టోమైసిన్‌కు పి.ఎ.ఎస్. అనే మరో మందు కలిపి ఇస్తే, తట్టుకునే క్రిములు తలెత్తడం బాగా తగ్గిపోయింది. నాటినుంచి క్షయకు ఒంటరి మందు ఇవ్వడం మానేశారు.

కారణం చిన్న లెక్క. ఒక మందును తట్టుకునే క్రిమి కోటికి ఒకటి ఉందనుకుందాం. కడుపులో పది కోట్ల క్రిములుంటే, అలాంటివి పది ఉంటాయి. ఆ మందు ఒక్కటే ఇస్తే మిగతావన్నీ చచ్చి, ఆ పదీ మిగిలి, మళ్లీ కోట్లవుతాయి. ఇప్పుడు రెండో మందు కలపండి. దాన్ని తట్టుకునేది కూడా కోటికి ఒకటే అనుకుందాం. రెండింటినీ ఒక్కసారే తట్టుకునే క్రిమి కోటి కోట్లకు ఒకటి. అలాంటిది ఆ కడుపులో దాదాపు ఉండదు. మొదటి మందు వదిలేసిన పదింటినీ రెండోది పడుతుంది. రెండోది వదిలేసినవాటిని మొదటిది పడుతుంది.

కాని ఈ లెక్కకు రెండు షరతులున్నాయి. మొదటిది, మందులు ఒకే సమయంలో లోపల ఉండాలి. ఈ వారం ఒకటి, వచ్చే వారం మరొకటి వాడితే లెక్క చెడిపోతుంది. రెండోది, ఇప్పటికే ఒక మందు పనిచేయని క్రిమి అయితే, రెండు మందులు ఇచ్చినా నిజానికి ఒకటి ఇచ్చినట్టే. అందుకే వైద్యులు మూడు నాలుగు రకాలు కలుపుతారు. మేము ఆ సోదరునికి నాలుగింటిలో రెండు తీసి ఇచ్చామే, అందులో క్రిమిని చంపేది ఒకటే. మా జాలి వల్ల ఆ లెక్క అంతా తలకిందులైంది.

1988లో మార్షల్, వారెన్, వారి సహచరులు 100 మంది రోగులపై చేసిన పరిశీలనను లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఆమ్లం తగ్గించే సిమెటిడిన్‌తో పాటు టినిడజోల్ అనే యాంటిబయాటిక్ ఒక్కటే ఇచ్చినవారిలో క్రిమి దాదాపు ఎవరికీ పోలేదు. అదే టినిడజోల్‌ను బిస్మత్‌తో కలిపి ఇస్తే ఎక్కువమందికి పోయింది. క్రిమి పోయినవారిలో నూటికి 92 మందికి పుండు మానింది. ఏడాదిలో తిరగబెట్టింది నూటికి 21 మందికే. క్రిమి మిగిలినవారిలో నూటికి 61 మందికి పుండు మానినా, నూటికి 84 మందికి తిరగబెట్టింది. మా ఆటో సోదరునికి నొప్పి పోయి, ఎనిమిది నెలలకు రక్తం కారడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఆమ్లం తగ్గించే మాత్రకూ ఇందులో పని ఉంది. అది నొప్పి తగ్గించడానికి మాత్రమే కాదు. ఘాటైన ఆమ్లంలో కొన్ని యాంటిబయాటిక్‌లు చెడిపోతాయి. పైగా ఆమ్లం తగ్గినప్పుడే ఈ క్రిమి చురుకుగా చీలుతుంది. చీలుతున్న క్రిమినే అమాక్సిసిలిన్ బాగా చంపుతుంది. ఇక బిస్మత్ ఒక లోహపు లవణం. ఈ క్రిమి దానిని తట్టుకునేలా మారడం సాధారణంగా కనిపించదు. నాలుక, విరేచనం నల్లబడేది దానివల్లే. అది ప్రమాదం కాదు. అయితే బిస్మత్ వాడనివారికి తారులా నల్లటి విరేచనం అయితే మాత్రం వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మన దేశంలో పరిస్థితి

1990ల్లో ప్రపంచమంతా ఆమ్లం తగ్గించే మందు, అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్ ఈ మూడూ కలిపి ఒక వారం ఇచ్చేవారు. చక్కగా పనిచేసేది. రానురాను బలం తగ్గింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కొత్త మందులు అత్యవసరంగా కావలసిన క్రిముల జాబితా ప్రకటిస్తూ, క్లారిత్రోమైసిన్‌కు లొంగని ఈ పైలోరీ క్రిమిని కూడా అందులో చేర్చింది. 2024లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం తన సూచనల్లో, పరీక్షలో లొంగుతుందని తేలితే తప్ప క్లారిత్రోమైసిన్ మూడు మందుల పద్ధతి వాడవద్దని, బిస్మత్ ఉన్న నాలుగు మందుల చికిత్స 14 రోజులు ముందుగా ఇవ్వమని చెప్పింది.

మన దేశంలో ఈ సమస్య ముందే వచ్చింది. హైదరాబాదు, చెన్నై, లక్నో వంటి చోట్ల సేకరించిన క్రిములను పరీక్షించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగింట మూడు వంతులకు పైగా మెట్రోనిడజోల్‌ను తట్టుకున్నాయి. కారణం ఊహించడం కష్టం కాదు. విరేచనం అయితే చాలు, దుకాణానికి వెళ్లి రెండు మాత్రలు తెచ్చుకుని, తగ్గగానే మానేసే అలవాటు మనది. ప్రతి ఇంట్లోనూ మా బీరువా మీది డబ్బా లాంటిది ఒకటి ఉంటుంది.

మన ఇళ్లలో చేయవలసినవి

వైద్యులను అడిగి, చదివి, మా ఇంట్లో మేము పాటిస్తున్నవి ఇవి.

మొదటిది, కడుపులో మంట వారాల తరబడి ఉంటే గ్యాస్ మాత్రలతో నెట్టుకు రాకండి. ఊపిరి పరీక్ష, మలపరీక్ష, లేదా గొట్టం పరీక్షతో క్రిమి ఉందో లేదో తెలుస్తుంది.

రెండవది, ఇదివరకు ఏ జబ్బుకు ఏ యాంటిబయాటిక్ వాడారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. అజిత్రోమైసిన్ చాలాసార్లు వాడినవారికి క్లారిత్రోమైసిన్ పనిచేయకపోవచ్చు. ఈ ఒక్క మాటతో మందుల ఎంపికే మారవచ్చు. పెన్సిలిన్ పడనివారు, గర్భవతులు, పాలిచ్చే తల్లులు ముందే చెప్పాలి. టెట్రాసైక్లిన్ గర్భవతులకు, చిన్నపిల్లలకు ఇవ్వరు.

మూడవది, వ్రాసిన రకాలన్నీ, వ్రాసిన రోజులన్నీ వాడండి. నొప్పి పోవడం క్రిమి పోవడం కాదు. టెట్రాసైక్లిన్‌ను పాలతో వేసుకోవద్దు, దాని బలం తగ్గిపోతుంది. మెట్రోనిడజోల్ వాడుతూ సారా, మద్యం ముట్టకూడదు. వాంతులు, దద్దుర్లు వంటివి వస్తే మీ అంతట మీరు ఆపకుండా డాక్టరును అడగండి.

నాలుగవది, మందులు పూర్తయిన నాలుగు వారాల తరువాత మళ్లీ పరీక్ష చేయించుకోండి. ఆ పరీక్షకు రెండు వారాల ముందునుంచి ఆమ్లం తగ్గించే మాత్రలు ఆపాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు చూపవచ్చు. మళ్లీ మందు అవసరమైతే, ముందు విఫలమైన క్లారిత్రోమైసిన్‌నే తిరిగి వాడకూడదు.

ఐదవది, మాత్రల అట్ట వెనుక నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు. ఈ గీతను గుర్తుపట్టమని 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రచారం మొదలుపెట్టింది. ఆ గీత ఉన్న అట్టను మరొకరికి ఇవ్వకండి. అన్నం పంచుకోవచ్చు, బట్టలు పంచుకోవచ్చు, యాంటిబయాటిక్ పంచుకోకూడదు.

ఆ తరువాత

మా సోదరుడు కోలుకున్నాడు. ఈసారి ఆయనకు ఆమ్లం తగ్గించే మందు, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ ఈ నాలుగూ వ్రాశారు. రోజుకు నాలుగు వేళలు, 14 రోజులు. మాకూ పరీక్షలో క్రిమి ఉన్నట్టే తేలింది. కాబట్టి ఆ నాలుగే మాకూ వచ్చాయి. ఒకేరోజు ఇద్దరం మొదలుపెట్టాం. రాత్రి చివరి మాత్ర మింగాక ఆయన ఫోను చేసేవాడు. "అయ్యగారూ, నాది అయింది, మీదో?" అని అడిగేవాడు. పదో రోజున నోటి చేదుకు విసుగెత్తి, ఇక చాలనిపించింది. ఆయన ఫోను రాకపోతే ఆ రాత్రి మేము మానేసి ఉండేవాళ్లమేమో. వాళ్ల ఇంట్లో ఆయన భార్య గోడ క్యాలెండరు మీద ప్రతి పూటకూ ఒక గీత పెట్టింది. మొత్తం 56 గీతలు. నాలుగు వారాలు గడిచాక ఇద్దరికీ పరీక్ష చేస్తే, క్రిమి లేదన్నారు.

ఆసుపత్రిలో ఉన్నప్పుడే ఆయన మంచం దగ్గర కూర్చుని, చేసిన తప్పు ఒప్పుకున్నాం. "మీరు మంచికే ఇచ్చారు కదండీ" అన్నాడు. అవును, మంచికే ఇచ్చాం. కాని క్రిమికి మన మనసుతో పని లేదు. దానికి తెలిసినది మోతాదు, రోజులు, ఎన్ని రకాలు అన్నవే.

ఇంటికి వచ్చి ఆ డబ్బా దించాం. లోపలివన్నీ తీసేస్తుంటే, మా శ్రీమతి ఒక్కొక్క అట్టను చూసి, "ఇది ఎప్పటిదండీ, ఎవరి జ్వరానిది?" అని అడుగుతూనే ఉంది. చాలావాటికి జవాబు తెలియలేదు. ఇప్పుడు ఆ డబ్బాలో సూదులు, దారం, బొత్తాలు పెట్టుకుంటోంది.

ఈ నెల పత్రిక మూసే ముందు, మీ ఇంట్లోని డబ్బా కూడా ఒక్కసారి దించి చూడండి.